‘తెలుసు’కు సబీయ, ‘తెలిసింది’కి సూపె

ప్రశ్న: స్పానిష్ నేర్చుకుంటున్నాను, ఆ భాషలో ప్రావీణ్యానికి పెట్టే దెలె బి1 పరీక్ష రాయాలని ఉంది. భూతకాలపు రెండు రూపాలూ, ఇంపెర్ఫేక్తొ, ఇందెఫినీదొ, కంఠతా వచ్చు. రాయడానికి కూర్చుంటే మాత్రం ఏది ఎక్కడ వాడాలో తేలదు. ఇంగ్లిష్‌లో ‘వాజ్ గోయింగ్’, ‘యూజ్డ్ టు గో’ అని వస్తే ఇంపెర్ఫేక్తొ, మామూలు ‘వెంట్’ వస్తే ఇందెఫినీదొ అని క్లాసులో చెప్పారు. ఆ లెక్కనే ఈ పేరా రాశాను. 8 చోట్ల ఎర్ర గీతలు పడ్డాయి.

“క్వాందొ ఫ్వీ నీన్య, వివీమొస్ ఎన్ గుంటూర్. తోదొస్ లొస్ దీయస్ ఫ్వీ అ ల ఎస్క్వేల అ ప్యే. ఉన్ దీయ యొవీయ మూచొ ఇ తెనీయ కె కెదార్మె ఎన్ ల ఎస్క్వేల ఆస్త లస్ స్యేతె. యో నొ సూపె కె మి పాద్రె ఎస్తా ఎన్ఫేర్మొ. క్వాందొ యెగే అ కాస, అబీయన్ మూచస్ పెర్సోనస్.”

(చిన్నప్పుడు గుంటూరులో ఉండేవాళ్ళం. రోజూ బడికి నడిచి వెళ్ళేదాన్ని. ఒకరోజు వాన బాగా పడి, 7 గంటల దాకా బడిలోనే ఉండిపోవాల్సి వచ్చింది. నాన్నకు ఒంట్లో బాగాలేదని నాకు తెలియదు. ఇంటికి వచ్చేసరికి చాలామంది ఉన్నారు.)

ఎక్కడ పొరబడుతున్నాను?

సమాధానం: మీరు బ్రాకెట్లలో రాసిన తెలుగును మరోసారి చదవండి. ఉండేవాళ్ళం, వెళ్ళేదాన్ని, ఉండిపోవాల్సి వచ్చింది, తెలియదు. మీకు కావలసిన తేడా అంతా ఆ మాటల్లోనే ఉంది. మీరు దాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నారు. అక్కడ ‘రోజూ వెళ్ళేదాన్ని’, ‘నిన్న వెళ్ళాను’ రెండూ ‘వెంట్’ అయిపోయాయి. ఒకసారి చెరిగిపోయిన తేడాను స్పానిష్‌కు వచ్చాక మళ్ళీ ఊహించి పెట్టాల్సి వచ్చింది. ఊహ సగంసార్లు తప్పుతుంది. అందుకే తెలుగు నుంచి నేరుగా రండి. తెలుగు కూడా మోసం చేసే చోట్లు మూడు నాలుగు ఉన్నాయి, వాటిని విడిగా చెబుతాం.

ముందు రాత సంగతి. ఇక్కడ స్పానిష్ మాటల్లో ఊనిక పడే అచ్చును దీర్ఘంగా రాస్తున్నాం. ఊనిక మారితే కాలమే మారుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆబ్లొ అంటే ‘మాట్లాడతాను’, అబ్లో అంటే ‘ఆయన మాట్లాడాడు’. తెలుగులో హ్రస్వ ఎ, ఒలు విడిగా ఉండటం మనకు కలిసొచ్చే విషయం. త, ద లను మన త, ద ల్లాగే నాలుక పళ్ళకు తాకించి పలకండి, ఇంగ్లిష్ ట, డ వద్దు. రాతలో బ, వ వేరైనా స్పానిష్‌లో రెండింటి పలుకూ ఒకటే. అచ్చుల మధ్య వచ్చినప్పుడు అది మన ‘వ’కు దగ్గరగా ఉంటుంది.

రూపాలు మీకు వచ్చునన్నారు కాబట్టి జారిపోయే చోట్లు మాత్రమే చూద్దాం. ఇంపెర్ఫేక్తొ స్పానిష్‌లో అతి సులువైన కాలం. ‘ఆర్’తో ముగిసే క్రియలకు అబ్లాబ, అబ్లాబస్, అబ్లాబ, అబ్లాబమొస్, అబ్లాబయిస్, అబ్లాబన్. ‘ఏర్’, ‘ఈర్’తో ముగిసేవాటికి కొమీయ (తినేదాన్ని), కొమీయస్, కొమీయ, కొమీయమొస్, కొమీయయిస్, కొమీయన్. దారి తప్పే క్రియలు మొత్తం భాషలో మూడే: సేర్ (ఉండు)కు ఏర, ఈర్ (వెళ్ళు)కు ఈబ, వేర్ (చూడు)కు వెయీయ. రాతలో ‘అబ’ చివర ఎప్పుడూ బే (ఇంగ్లిష్ బి) అక్షరమే, ఈబలోనూ అంతే. తూవె, ఎస్తూవె లాంటి ఇందెఫినీదొ రూపాల్లో ఊవె (ఇంగ్లిష్ వి) అక్షరం. చెవికి రెండూ ఒకటే కాబట్టి డిక్టేషన్‌లో ఇక్కడే మార్కులు పోతాయి. ఊనిక గీత (అచ్చు మీద పెట్టే చిన్న గీత) ‘ఈయ’ రూపాలు ఆరింటి మీదా పడుతుంది. ‘అబ’ రూపాల్లో ‘మేము’ రూపం అబ్లాబమొస్ మీదే పడుతుంది. ఏరమొస్, ఈబమొస్ కూడా గీత ఉన్నవే.

ఇందెఫినీదొలో కష్టమంతా రూపం మార్చుకునే బలమైన ధాతువులది: తూవె (తెనేర్), ఎస్తూవె (ఎస్తార్), పూదె (పొదేర్), పూసె (పొనేర్), సూపె (సబేర్), ఈసె (అసేర్), కీసె (కెరేర్), వీనె (వెనీర్), దీహె (దెసీర్), త్రాహె (త్రయేర్). వీటి ‘నేను’, ‘అతను’ రూపాల్లో ఊనిక ధాతువు మీదే ఉంటుంది, గీత ఉండదు. అబ్లో అలవాటులో ‘తువో’ అనేస్తారు, అది తూవొ. దీహె, త్రాహెలకు ‘వాళ్ళు’ రూపం దిహేరొన్, త్రహేరొన్; మధ్యలో ‘య’ చేర్చి ‘దిహ్యేరొన్’ అనకూడదు. ఫ్వీ, ఫ్వే, ద్యో, వ్యో అనే ఏకాక్షర రూపాలకు గీత లేదు. 1959లో అమల్లోకి వచ్చిన స్పానిష్ భాషా అకాదెమీ నియమాలు దాన్ని తీసేశాయి. పాత ముద్రణల్లో గీత కనిపిస్తే కంగారు పడకండి. ఇంకొకటి: అబ్లామొస్, వివీమొస్ వర్తమానానికీ ఇందెఫినీదొకూ ఒకే రూపం. మీ ‘వివీమొస్ ఎన్ గుంటూర్’ను స్పానిష్ పాఠకుడు ‘గుంటూరులో ఉంటున్నాం’ అనే చదవవచ్చు.

ఇక అసలు విషయం. వెనెజువెలాలో పుట్టి చిలీలో స్థిరపడిన వ్యాకరణవేత్త అంద్రేస్ బేయొ 1847లో తన వ్యాకరణంలో ఇంపెర్ఫేక్తొకు ‘కొప్రెతేరితొ’ అని పేరు పెట్టాడు. మెక్సికో బడుల్లో ఈనాటికీ ఆ పేరే వాడతారు. మన మాటల్లో చెప్పాలంటే ‘సహభూతకాలం’: జరిగిన ఇంకొక పనికి తోడుగా, అదే సమయంలో నడుస్తూ ఉన్నది. అకాదెమీ వాడే పేరు కన్నా ఇది పనికొచ్చే పేరని మా అభిప్రాయం. ఇంపెర్ఫేక్తొ అంటే అసంపూర్ణం అని నేర్చుకున్నవాళ్ళు ‘ఇది పూర్తయిందా కాలేదా’ అని ఆలోచిస్తూ కూర్చుంటారు. పదేళ్ళ కిందటి విషయం ఏదైనా పూర్తయినదే కదా! అడగాల్సిన ప్రశ్న వేరు. ‘తర్వాత ఏం జరిగింది?’ అన్నదానికి జవాబైతే ఇందెఫినీదొ. ‘అప్పటికి ఎలా ఉంది, ఏం నడుస్తోంది?’ అన్నదానికి జవాబైతే ఇంపెర్ఫేక్తొ.

ఏడు చేపల కథ చూడండి. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఇక్కడిదాకా తెలుగులో క్రియే లేదు, ఉన్న స్థితి చెబుతున్నాం. కాబట్టి: అబీయ ఊన వేస్ ఉన్ ర్రేయ్. ఎల్ ర్రేయ్ తెనీయ స్యేతె ఈహొస్. ఏడుగురూ వేటకెళ్ళారు, ఏడు చేపలు తెచ్చారు. కథ కదిలింది: ఫ్వేరొన్ అ పెస్కార్ ఇ త్రహేరొన్ స్యేతె పేసెస్. (పట్టి తెచ్చి వంటకు సిద్ధమైన చేప పెస్కాదొ, నీళ్ళలో ఈదేది పేస్. ఇక్కడ చేప మాట్లాడబోతోంది కాబట్టి పేస్ అనే ఉంచాం.) ఎండబెట్టారు: లొస్ పుస్యేరొన్ అల్ సోల్. ఒకటి ఎండలేదు: ఊనొ నొ సె సెకో. చేపా చేపా ఎందుకు ఎండలేదు? పేస్, పేస్, పోర్ కే నొ తె సెకాస్తె? గడ్డిమేటు అడ్డమొచ్చింది. ఇక్కడ ఆగండి. ‘వచ్చింది’ని యథాతథంగా తీసుకుంటే సె పూసొ దెలాంతె ఉన్ మొంతోన్ దె యేర్బ, ఎదురుగా వచ్చి నిలిచింది. అది మొదటి నుంచీ అక్కడే ఉండి ఎండ తగలనివ్వడం లేదంటే ఉన్ మొంతోన్ దె యేర్బ మె తపాబ ఎల్ సోల్. రెండూ తప్పులేని స్పానిషే. మీరు చూపించదలచిన బొమ్మను బట్టి ఒకటి ఎంచుకుంటారు. ఈ కథను చివరి చీమ దాకా మీరే స్పానిష్‌లో చెప్పి చూడండి. ప్రతి క్రియ దగ్గరా ఆ రెండు ప్రశ్నలూ వేసుకుంటే అలవాటు దానంతటదే పడుతుంది.

తెలుగు క్రియారూపాల నుంచి దారి ఇలా ఉంటుంది. ‘వెళ్ళేదాన్ని’, ‘వెళ్ళేవాణ్ణి’, తెలంగాణలో ‘పోయేటోణ్ణి’, ‘పోతుంటి’, ఏదైనా సరే ఈబ. కాదనే రూపం ‘వెళ్ళేదాన్ని కాదు’ నొ ఈబ. ‘వెళ్ళలేదు’ నొ ఫ్వీ. ‘తింటూ ఉండగా’ అన్నది మ్యేంత్రస్ కొమీయ. ‘బయల్దేరబోతుండగా ఫోన్ మోగింది’ ఈబ అ సలీర్ క్వాందొ సొనో ఎల్ తెలేఫొనొ. ఇక్కడే తరచు జరిగే ఒక తప్పు: ఈబ అ కొంప్రార్ అంటే ‘కొనబోయాను, కొందామనుకున్నాను’, ఫ్వీ అ కొంప్రార్ అంటే ‘కొనడానికి వెళ్ళాను’. మొదటిదాంట్లో మీరు ఇల్లు కదిలినట్టే కాదు.

మనకు ఎక్కువ లాభం దొరికేది మాత్రం ఇంకోచోట. సబేర్, కొనొసేర్, తెనేర్, పొదేర్, కెరేర్ క్రియలకు ఇందెఫినీదొలో అర్థం మారుతుందని పాఠ్యపుస్తకాలు ప్రత్యేకంగా పట్టిక ఇస్తాయి. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్ళు దాన్ని బట్టీ పట్టాల్సిందే. తెలుగువాళ్ళకు ఆ పట్టిక అక్కర్లేదు, ఆ తేడా మన నోట్లోనే ఉంది. ‘నాకు తెలుసు’ సబీయ, ‘నాకు తెలిసింది’ సూపె. ‘ఆమెతో పరిచయం ఉండేది’ ల కొనొసీయ, ‘ఆమెతో పరిచయమైంది’ ల కొనొసీ. ‘నిద్ర పట్టేది కాదు’ నొ పొదీయ దొర్మీర్, ‘రాత్రి నిద్ర పట్టలేదు’ అనోచె నొ పూదె దొర్మీర్. ‘అతనికి రావాలని లేదు’ నొ కెరీయ వెనీర్. వచ్చాడో లేదో ఈ వాక్యం చెప్పదు. ‘అతను రానన్నాడు’ నొ కీసొ వెనీర్, రాలేదు. అన్నిటికన్నా చక్కగా సరిపోయేది తెనేర్ కె: ‘వెళ్ళాల్సి ఉంది’ తెనీయ కె ఈర్, ‘వెళ్ళాల్సి వచ్చింది’ తూవె కె ఈర్. మొదటిది బాధ్యత, రెండోది జరిగిపోయిన పని. అలాగే ‘అక్కడ ఒక చెట్టు ఉండేది’ అబీయ ఉన్ ఆర్బొల్, ‘ప్రమాదం జరిగింది’ ఊబొ ఉన్ అక్సిదేంతె. తెలుగులో ఉండు, జరుగు అని రెండు వేరు క్రియలు. స్పానిష్ అబేర్ అనే ఒక్క క్రియనే రెండు కాలాల్లో పెట్టి ఆ పని చేస్తుంది.

ఇప్పుడు తెలుగు దారి తప్పించే చోట్లు.

మొదటిది ‘ఉన్నాను’. తెలుగులో ఇది వర్తమానానికీ భూతానికీ ఒకే రూపం, పైగా భూతకాలంలో రెండు రకాలనూ మోస్తుంది. ‘నిన్న రోజంతా ఇంట్లోనే ఉన్నాను’ అయేర్ ఎస్తూవె ఎన్ కాస తోదొ ఎల్ దీయ. ‘మీరు ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఉన్నాను’ క్వాందొ యమో, ఎస్తాబ ఎన్ కాస. కొలిచిన కాలం, అంటే రోజంతా, మూడు గంటలు, పదేళ్ళు, వాక్యంలో ఉంటే ఇందెఫినీదొ. ఎంత పొడుగుదన్నది లెక్క కాదు: ‘గుంటూరులో పదేళ్ళు ఉన్నాం’ వివీమొస్ ద్యేస్ ఆన్యొస్ ఎన్ గుంటూర్. ఆ కొలత తీసేసి ‘అప్పట్లో గుంటూరులో ఉండేవాళ్ళం’ అంటే వివీయమొస్.

రెండోది ‘తింటున్నాడు’. ‘నేను వెళ్ళేసరికి అతను తింటున్నాడు’ అని గడిచినదాన్నీ వర్తమాన రూపంతోనే చెబుతాం. ఆ అలవాటుతో ఎస్తా కొమ్యేందొ అని రాస్తే తప్పు. ఎస్తాబ కొమ్యేందొ, లేదా కొమీయ.

మూడోది ‘అని’. ‘ఒంట్లో బాగాలేదని చెప్పాడు’ అనే వాక్యంలో తెలుగు లోపలి క్రియను మార్చదు. స్పానిష్ మారుస్తుంది: దీహొ కె ఎస్తాబ ఎన్ఫేర్మొ. ఇప్పటికీ జబ్బుతోనే ఉన్నాడని చెప్పదలిస్తే ఎస్తా ఉంచవచ్చు. గతం చెప్పే కథనంలో మాత్రం ఎస్తాబ. మీ పేరాలో ‘నొ సూపె కె మి పాద్రె ఎస్తా’ పొరపాటుకు మూలం ఇదే. తెలుగు ‘బాగాలేదని తెలియదు’లో రెండు క్రియలూ వర్తమానంలా కనిపిస్తాయి. అర్థం మాత్రం అప్పటి స్థితి, కాబట్టి రెండూ ఇంపెర్ఫేక్తొకు వెళ్ళాలి.

నాలుగోది ‘ఉన్నారు’. మనకు బహువచనం సహజం కాబట్టి ‘అబీయన్ మూచస్ పెర్సోనస్’ అని వచ్చేస్తుంది. ఉనికి చెప్పే అబేర్ ప్రామాణిక స్పానిష్‌లో ఎప్పుడూ ఏకవచనమే: అబీయ, ఊబొ. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల మాటల్లో అబీయన్ వినిపిస్తుంది. పరీక్ష రాతలో అలా రాయకండి.

ఇక క్లాసుల్లో ఇచ్చే సంకేత పదాల జాబితా. ‘సియేంప్రె’ (ఎప్పుడూ), ‘తోదొస్ లొస్ దీయస్’ (రోజూ) కనిపిస్తే ఇంపెర్ఫేక్తొ అంటారు. దాన్ని గుడ్డిగా నమ్మకండి. ‘మూడేళ్ళపాటు రోజూ క్లాసుకు వెళ్ళాను’ దురాంతె త్రేస్ ఆన్యొస్ ఫ్వీ అ క్లాసె తోదొస్ లొస్ దీయస్. ‘రోజూ’ ఉన్నా మూడేళ్ళు అని హద్దు కట్టారు కాబట్టి ఇందెఫినీదొ. తెలుగులోనూ అక్కడ ‘వెళ్ళాను’ అనే అన్నాం, గమనించారా? అలాగే సియేంప్రె కీసె సేర్ మయేస్త్ర, ‘టీచర్‌ని కావాలన్నదే ఎప్పటికీ నా కోరిక’, సరైన వాక్యం. ‘మూడుసార్లు వెళ్ళాను’ ఫ్వీ త్రేస్ వేసెస్. ‘రోజుకు మూడుసార్లు తినేదాన్ని’ కొమీయ త్రేస్ వేసెస్ అల్ దీయ. సంకేత పదం కన్నా తెలుగు క్రియ చివరిభాగమే మీకు నమ్మకమైన సాక్షి.

కొన్నిటికి ఆలోచనే అక్కర్లేదు. వయసు, గడియారపు సమయం ఇంపెర్ఫేక్తొలోనే: తెనీయ ద్యేస్ ఆన్యొస్ (నాకు పదేళ్ళు), ఏరన్ లస్ త్రేస్ (మూడు గంటలైంది). పదో ఏడు నిండిందని చెప్పాలంటే క్రియ మార్చి కుంప్లీ ద్యేస్ ఆన్యొస్. కాఫీ కొట్లో కెరీయ ఉన్ కఫే (ఒక కాఫీ కావాలి) అంటే భూతకాలం కాదు, మర్యాద. మనం ‘మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నానండీ’ అని ఇప్పుడు అడగాల్సినదాన్ని వెనక్కి నెట్టి చెబుతామే, అదే పద్ధతి.

మీ పేరాకు వద్దాం. ‘చిన్నప్పుడు’ అన్నది స్థితి: క్వాందొ ఏర నీన్య, లేదా పొట్టిగా దె నీన్య. ఉండేవాళ్ళం: వివీయమొస్. వెళ్ళేదాన్ని: ఈబ. యొవీయ మీద మీకు ఎర్ర గీత పడింది కానీ అది తప్పు కాదు. ‘ఒకరోజు వాన బాగా పడుతోంది, అందుకని’ అని నేపథ్యంగా చెబితే యొవీయ ఉంచవచ్చు. మీ తెలుగులో ‘వాన పడి’ అని సంఘటనగా అన్నారు, దానికి యొవ్యో దగ్గర. కానీ తెనీయ కె మార్చాల్సిందే. 7 గంటల దాకా ఉండిపోయారు, అది జరిగిన పని: తూవె కె. అలాగే ఉంచేస్తే ఉండాల్సి ఉంది కానీ ఉన్నారో లేదో తెలియని వాక్యమవుతుంది. నొ సబీయ, ఎస్తాబ సంగతి పైన చెప్పాం. యెగే సరిగ్గానే రాశారు. అంటే:

“క్వాందొ ఏర నీన్య, వివీయమొస్ ఎన్ గుంటూర్. తోదొస్ లొస్ దీయస్ ఈబ అ ల ఎస్క్వేల అ ప్యే. ఉన్ దీయ యొవ్యో మూచొ ఇ తూవె కె కెదార్మె ఎన్ ల ఎస్క్వేల ఆస్త లస్ స్యేతె. నొ సబీయ కె మి పాద్రె ఎస్తాబ ఎన్ఫేర్మొ. క్వాందొ యెగే అ కాస, అబీయ మూచస్ పెర్సోనస్.”

‘యో’ తీసేశాం. తెలుగులో ‘తెలియదు’కు ముందు ప్రతిసారీ ‘నాకు’ అనం, స్పానిష్‌లోనూ నొక్కి చెప్పాల్సినప్పుడే యో వాడతారు. సబీయ ‘నేను’కూ ‘అతను’కూ ఒకే రూపం కాబట్టి ఎవరన్నది తేలని చోట మాత్రం ఉంచండి.

బి1 రాత పరీక్షలో రెండో ప్రశ్నకు 130 నుంచి 150 మాటలు రాయాలి, తరచు గడిచిన అనుభవం గురించే అడుగుతారు. ముందు చిత్తులో జరిగిన పనులు మాత్రమే వరసగా రాయండి, ఐదారు వాక్యాలు, అన్నీ ఇందెఫినీదొలో: సలీ, పెర్దీ ఎల్ ఔతొబూస్, యమే అ మి అమీగ, యెగే తార్దె (బయల్దేరాను, బస్సు తప్పిపోయింది, స్నేహితురాలికి ఫోన్ చేశాను, ఆలస్యంగా చేరాను). అవి చదివితే కథ అర్థమవ్వాలి. ఆ తర్వాత వాటి మధ్య ఎలా ఉందో చెప్పే వాక్యాలు మూడో నాలుగో చొప్పించండి: ఏరన్ లస్ ఓచొ, అసీయ ఫ్రీయొ, నొ తెనీయ దినేరొ (ఎనిమిదైంది, చలిగా ఉంది, డబ్బు లేదు). రెండు దఫాలుగా రాస్తే కాలాలు కలగాపులగం కావు. చివరి ఐదు నిమిషాల్లో మూడే వెతకండి: ‘కె’ తర్వాత వర్తమానంలో మిగిలిపోయిన క్రియ, బహువచనంలోకి జారిన అబేర్, గీత లేకుండా వదిలేసిన అబ్లో, కొమీ, కొమీయ. ఒక్క గీత పోతే ‘మాట్లాడాడు’ కాస్తా ‘మాట్లాడతాను’ అవుతుంది.